విరిగి అతికిన ఎముక

బోధన్ పోలీసు స్టేషన్ గోడ గడియారంలో తొమ్మిదీ పది అయింది. పదకొండింటికి జీపు నిజామాబాదు కోర్టుకు బయలుదేరుతుంది. అందులో భూమన్న ఎక్కితే హత్యకేసు ముద్దాయి. ఎక్కకపోతే చెరుకు బండి తోలుకునే మామూలు మనిషి. ఆ తేడా తేల్చడానికి డిటెక్టివ్ ఆత్మారాంకు గంటా యాభై నిమిషాలు మిగిలాయి.

ఆత్మారాం పదేళ్ళు నిజామాబాదు కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాగా పనిచేశాడు. ఇతరుల అబద్ధాలను తన దస్తూరీతో రాసి రాసి విసుగెత్తి, ఉద్యోగం మానేసి డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాడు. ఊళ్ళో సగం మంది నవ్వారు. ఆ నవ్విన సగంలోంచే ఆయన దగ్గరకు కేసులు వస్తుంటాయి. ఈ కేసు మాత్రం భూమన్న భార్య రేణుకమ్మ తెచ్చింది. మొదటి బస్సుకు నిజామాబాదు వచ్చి, బోర్డు కింద నిలబడి, తన మొగుడు ఆ పని చేయలేదని ఒక్కటే మాట చెప్పింది. ఆమెకు నాలుగో నెల.

జరిగింది ఇది. నిన్న, అంటే 1968 నవంబరు 14 సాయంత్రం, డాక్టర్ దేవిదాస్ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే చంద్రయ్య చీకటిగదిలో చచ్చిపడి ఉన్నాడు. తల వెనుక దెబ్బ. ఆరూ పదికి ఆయా వచ్చి చూసేసరికి శవం పక్కన భూమన్న కూర్చుని ఉన్నాడు.

లాకప్పు కటకటాల ముందు ఆత్మారాం ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. భూమన్న సమయాలన్నీ తడుముకోకుండా చెప్పాడు. అయిదూ నలభై అయిదుకు కాటా దగ్గర చెరుకు తూకం అయి చిట్టీ చేతికొచ్చింది. ఎడ్లను తోటి బండివాడికి ఒప్పజెప్పి, వాడి సైకిలు తీసుకుని ఆరూ అయిదుకు ఆస్పత్రి చేరాడు. ఎక్స్‌రే గదిలో ఎవరూ లేరు. చీకటిగది తలుపు ఓరగా ఉంది. లోపల చంద్రయ్య నేలమీద ఉన్నాడు. తల పైకెత్తి చూస్తుంటే ఆయా వచ్చి అరిచింది.

"ఎడ్లను ఇంకొకనికి అప్పజెప్పి మరీ పోయినవ్. ఏం పని పడ్డది?"

"ఉండె సారు."

"చంద్రయ్యతోనా?"

భూమన్న కటకటాలు వదిలేసి వెనక్కి జరిగాడు. "గా మాట అడుగకుండ్రి. కోర్టుకు తోల్కపోయినా సెప్ప."

హంతకులు సాధారణంగా సమయాలు దాచి కారణాలు ఎక్కువ చెబుతారు. ఇతను సమయాలు చెప్పి కారణం దాస్తున్నాడు. ఆత్మారాం దీన్ని గుర్తుపెట్టుకుని లేచాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రామ్‌దాస్‌కు కేసును పొద్దుటి చాయ్‌కి ముందే ముగించడం అలవాటు. ప్రైవేటు డిటెక్టివ్ అనే జాతి ఉందని ఆయన ఒప్పుకోడు. అయినా రేణుకమ్మ ఆత్మారాంతో వచ్చినప్పటి నుంచీ స్టేషన్ మెట్ల మీద కదలకుండా కూర్చుని ఉండడంతో, చూసుకొమ్మని అనుమతి ఇచ్చాడు. తానూ వెంట వచ్చాడు. దారిలో జీపులోనే కేసంతా విప్పి చెప్పాడు.

చెరుకు నరికే కూలీలను తెచ్చే గుత్తేదారు ఈ ఏడు ఒక షరతు పెట్టాడు. క్షయ లేదని ఎక్స్‌రే సర్టిఫికెట్ తెస్తేనే పని, పాకలో చోటు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను అసలే పెట్టుకోడు. కూలీలందరికీ మెడలో ఇత్తడి బిళ్ళ, దానిమీద తొలిచిన నంబరు. ఎక్స్‌రే తీసేటప్పుడు ఆ బిళ్ళ గొంతు దగ్గరే ఉంటుంది కనుక ఫిలిం మీద నంబరు పడుతుంది. పేరు అడగాల్సిన పనిలేదు. రేణుకమ్మ బిళ్ళ 214. వారం కింద భూమన్న ఆస్పత్రి వరండాలో, తన భార్యను ఆ మిషను ముందు నిలబెడితే ఊరుకోనని పదిమంది వినేట్టు అన్నాడు. అయినా 214 నంబరు ఫిలిం తీసి ఉంది. కడుపుతో ఉన్న భార్యకు ఎక్స్‌రే తీశాడన్న కోపంతో చంద్రయ్యను తోశాడు. తల నీళ్ళ తొట్టి అంచుకు తగిలింది.

"ఇంతకన్న సాఫ్ కేసు నా సర్వీసుల చూడలే," అన్నాడు రామ్‌దాస్.

"సాఫ్ కేసులకే నకళ్ళు ఎక్కువ రాసిన," అన్నాడు ఆత్మారాం.

ఎక్స్‌రే గది గోడమీద చంద్రయ్య తన చేత్తో రాసి అంటించిన కాగితం ఉంది. 'నెల తప్పిన ఆడవాళ్ళు, తప్పిందని అనుమానం ఉన్నవాళ్ళు ముందే చెప్పవలెను.' కింద గీత గీసి ఉంది. చంద్రయ్య హైదరాబాదులో ఏడాది పని నేర్చుకుని వచ్చిన మనిషి. ఆ కాగితాన్ని డాక్టరు రెండుసార్లు చింపించాడనీ, చంద్రయ్య మూడోసారి అంటించాడనీ ఆయా చెప్పింది.

చీకటిగది ఎనిమిదడుగుల పొడవు కూడా లేదు. మూడు తొట్లు వరుసగా ఉన్నాయి. మొదటిదాంట్లో బొమ్మను తేల్చే మందు, రెండోదాంట్లో తేలిన బొమ్మను నిలిపే మందు, మూడోది కడిగే నీళ్ళ తొట్టి. నీళ్ళ తొట్టి సిమెంటు మూలకు ఎండిన నెత్తురు ఉంది. రెండో తొట్టి మందులో ఫిలిం ఏదీ లేదు. మొదటి తొట్టిలో చట్రానికి తగిలించిన ఫిలిం ఒక్కటి మునిగి ఉంది. ఆత్మారాం పైకి లాగి చూశాడు. బొగ్గులా నల్లగా ఉంది.

"నిన్న తలుపు తెరిచి తెల్లబల్బు వేసింది ఎవరు?"

"నేనే. శవాన్ని ఎర్రలైటుల చూడమంటవా?" అన్నాడు రామ్‌దాస్.

"తప్పు పట్టడం లేదు. ఈ ఫిలిం రెండో తొట్టిలోకి చేరి ఉంటే మీ బల్బుకు చెడిపోయేది కాదు. మొదటి తొట్టిలోనే ఉండిపోయింది. అందులో ఉంచేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలు నిండకముందే చంద్రయ్య పడిపోయిండు. ఆఖరి ఎక్స్‌రే ఎన్నింటికి?"

రామ్‌దాస్‌కు అది నోటికి వచ్చు. "అయిదూ నలభై. బిళ్ళ 231. రిజిస్టర్ల చంద్రయ్యే రాసిండు."

"ఫిలిం ఇక్కడికి తెచ్చి మందులో వెయ్యడానికి రెండు నిమిషాలు, పైన అయిదు. ఏడు కలిపినా నలభై ఏడు. నలభై అయిదుకు భూమన్న రెండు మైళ్ళ దూరంలో చిట్టీ తీసుకుంటున్నడు."

"చిట్టీ బండికి ఇస్తరు. బండి వెనక ఎవడున్నడని కాటా గుమాస్తా చూస్తడా? తోటోడు తీసుకోని ఉంటడు." రామ్‌దాస్ జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ఆత్మారాం గారూ, ఖూన్ చేసేటందుకు కారణం ఒక్కనికే ఉన్నది. గా కారణం కొట్టెయ్యుండ్రి, అప్పుడు వింట."

మాట న్యాయంగానే ఉంది. ఆత్మారాం 214 నంబరు ఫిలిం అడిగాడు. కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. పక్కటెముకలు, వాటి మధ్య గుండె నీడ, పైన గుండ్రని తెల్ల మచ్చలో 214. గొంతు కింద అడ్డంగా పోయే ఎముక ఒకవైపు నున్నగా ఉంది. రెండోవైపు మధ్యలో చెరుకు గణుపులా ఉబ్బి ఉంది. ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కున్న ఎముక.

ఆయన వరండాలోకి వచ్చి, జీపు వెనకే నడిచి వచ్చిన రేణుకమ్మను అడిగాడు, చిన్నప్పుడు ఎప్పుడైనా పడి భుజం విరిగిందా అని. లేదంది. ఆయాను పిలిచి, చాటుకు తీసుకుపోయి ఆ ఎముక తడిమి చూడమన్నాడు. రెండువైపులా నున్నగానే ఉందని ఆయా వచ్చి చెప్పింది.

"అయితే ఈ ఫిలిం ఆమెది కాదు," అన్నాడు ఆత్మారాం.

ఆత్మారాం గదిలోకి పోయి ఆడకూలీల ఫిలిములన్నీ దించి, బల్ల మీద పరిచి, ఒక్కొక్కటే వెలుతురుకు పట్టాడు. అరవై రెండు ఫిలిములు. ఇరవై నిమిషాలు పట్టింది. అయ్యేసరికి పక్కకు తీసి పెట్టినవి పదకొండు. పదకొండు మీదా నంబర్లు వేరు. పదకొండింటిలోనూ అదే ఎముక, అదే వంకర. ఆరు రోజుల్లో ఒకే మనిషి పదకొండుసార్లు ఆ మిషను ముందు నిలబడింది.

పదిన్నర కావస్తోంది. రేణుకమ్మ ఆ వరుస చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఇక దాచడానికి ఏమీ లేదు కనుక చెప్పింది.

చంద్రయ్య ప్రతి ఆడమనిషినీ మిషను ముందు నిలబెట్టేముందు, ఎన్నాళ్ళ కింద తలకు పోసుకున్నావని అడిగేవాడు. నెల తప్పిందంటే తియ్యనని పంపేసేవాడు. ఒక్క ఫోటోకు ఏమీ కాకపోవచ్చు, ఛాతీకి తీసేది కడుపు దాకా పోయేది తక్కువే, అయినా జబ్బు లేని తల్లికి అవసరం లేని వెలుగు కడుపులో బిడ్డమీద ఎందుకు పడాలి అనేవాడు. కానీ ఫోటో లేకపోతే సర్టిఫికెట్ లేదు. కడుపుతో ఉన్నానని చెబితే పనే లేదు. పదకొండుమంది ఆడవాళ్ళు అలా ఇరుక్కున్నారు. చంద్రయ్య రెండు రోజులు ఆలోచించి, కడుపు లేని మనిషి ఎవరైనా బిళ్ళ వేసుకొచ్చి నిలబడితే తాను చూడనట్టే ఉంటానన్నాడు. పెద్ద మనసుతోనే అన్నాడు. తాను పనిచేసే చోట తప్పు జరుగుతుందని తెలిసీ అన్నాడు.

"ఎవరు నిలబడ్డరు?"

"మా వదినె. సాయవ్వ. ఆయనకు అక్క." రేణుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్న హన్మవ్వ బిళ్ళ ఏసుకోని పోయింది. ఆమెను తోల్కరానీకే ఆయన పోయిండు సారు. సెప్తే అక్కను జేల్ల పెడ్తరు, మా అందరి పని పోతదని నోరిడుస్తలేడు."

231 హన్మవ్వ బిళ్ళ. ఆఖరి ఎక్స్‌రే సాయవ్వది. అంటే చంద్రయ్యను ప్రాణాలతో చివరగా చూసింది కూడా ఆమే కావచ్చు. భూమన్నకు చంద్రయ్య మీద కోపం ఉండడానికి వీల్లేదు, అతని భార్యను మిషను ముందుకు రానివ్వనివాడే చంద్రయ్య. రామ్‌దాస్ జవానును సైకిలు మీద కూలీల పాకలకు పంపాడు. పంపుతూ, అక్కే తోసిందేమో, ఇంటి మనిషే కదా అన్నాడు. ఓడిపోవడం ఆయనకు ఒక్కసారిగా చేతకాదు.

సరిగ్గా అప్పుడు డాక్టర్ దేవిదాస్ వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, మెత్తని మాట. చంద్రయ్య మంచి పనివాడని, కొంచెం మొండి అని చెప్పాడు. నిన్న తాను నాలుగింటికే మందుల కోసం కారులో నిజామాబాదు పోయాననీ, తిరిగి వచ్చేసరికి ఏడు దాటిందనీ అన్నాడు. అప్పుడు గేటు దగ్గర పోలీసు జవాను తనను ఆపాడు కూడా అన్నాడు.

"రిజిస్టర్ ఎప్పుడు సీలు చేసిండ్రు?" అని ఆత్మారాం ఇన్‌స్పెక్టర్‌ను అడిగాడు.

"ఆరూ నలభైకి. నా చేత్తోనే."

"ఇప్పుడు విప్పుండ్రి."

రామ్‌దాస్ లక్క పగలగొట్టాడు. నకళ్ళ గుమాస్తా కళ్ళు అలవాటుగా ఆఖరి పేజీ ఆఖరి వరుసకు పోయాయి. తేదీ, అయిదూ నలభై, 231. ఇవి చంద్రయ్య పొడుగు అక్షరాలు. వాటి ఎదురుగా 'ఛాతీ బాగున్నది' అన్న మాట, దేవిదాస్ సంతకం.

"డాక్టరు గారూ, 231 ఫిలిం మీరు చూసిండ్రా?"

"చూడకుంట సంతకం ఎట్ల పెడత?"

ఆత్మారాం నల్ల ఫిలిం తెచ్చి ఆయన ముందు పెట్టాడు. అందులో ఛాతీ లేదు, ఎముక లేదు, ఏమీ లేదు. పుట్టక ముందే చెడిపోయిన బొమ్మ అది. దాన్ని చూసి బాగుందని రాసిన కన్ను ఏది అని అడిగాడు.

దేవిదాస్ తొణకలేదు. పని ఒత్తిడిలో కొన్నిసార్లు ముందుగానే సంతకాలు పెట్టి పోతానని, నిన్న కూడా పోయేముందు ఖాళీ వరుసల్లో పెట్టానని చెప్పాడు. అది తప్పే కానీ ఖూనీ కాదన్నాడు. రామ్‌దాస్ తల ఊపాడు. ఆయనకు ఆ జవాబు నచ్చింది.

"మంచిది," అన్నాడు ఆత్మారాం. "ముందుగా పెడితే పేజీ అడుగుదాకా ఉండాలె. ఈ వరుస కింద ఇంకా తొమ్మిది గళ్ళు ఖాళీ. సంతకం 231 దగ్గరే ఆగింది. నిన్నటి ఆఖరి మనిషి ఈ గడిలోనే వస్తదని నాలుగింటికే మీకెట్ల తెలిసింది?"

దేవిదాస్ చెయ్యి రిజిస్టర్ మీదికి పోయింది, ఆత్మారాం దాన్ని పక్కకు జరిపాడు.

"చంద్రయ్య ఈ వరుస రాసింది అయిదూ నలభైకి. ఇన్‌స్పెక్టర్ గారు సీలు వేసింది ఆరూ నలభైకి. మధ్యలో మీరు ఈ బల్ల దగ్గరికి వచ్చిండ్రు. ఫిలిములు చూడకుండ సంతకాలు పెట్టుకుంట పోవడం మీకు అలవాటు. నిన్న కూడ వచ్చీ రాంగనే గదే పని చేసిండ్రు."

"సంతకం ఒక్కటి పట్టుకోని ఏ కోర్టుకు పోతవ్?" దేవిదాస్ గొంతులో మెత్తదనం పోయింది. "నన్ను ఎవరు చూసిండ్రు?"

ఆ ప్రశ్న బాగానే ఉంది. దానికి జవాబు పదీ నలభైకి జవాను వెంట వచ్చింది. సాయవ్వ సన్నటి మనిషి, ముప్పై ఎనిమిదేళ్ళు. చేతిలో తమ్ముడి కోసం కట్టుకొచ్చిన సద్దిమూట ఉంది. డాక్టరును చూడగానే ఆగింది. రామ్‌దాస్ ఆయన్ను పక్కగదిలో కూర్చోబెట్టి జవానును కాపలా పెట్టాడు. ఇది మెచ్చుకోవలసిన పని. ఆత్మారాం మనసులో మెచ్చుకున్నాడు.

ఒకరి బిళ్ళతో ఇంకొకరు నిలబడడం నేరమనీ, చెబితే నీమీదా కేసు అవుతుందనీ రామ్‌దాస్ ముందే హెచ్చరించాడు. చెప్పకపోతే తమ్ముడు పదకొండింటికి జీపు ఎక్కుతాడని ఆత్మారాం చెప్పాడు. సాయవ్వ ఇద్దరి మాటా విని, మూట కింద పెట్టి, నిలబడే చెప్పింది.

తన సొంత ఫోటోతో కలిపి నిన్నటిది పన్నెండోసారి. ఫోటో అయిపోయాక ఆమెకు కళ్ళు తిరిగాయి. చంద్రయ్య నీళ్ళిచ్చి కూర్చోబెట్టి ఒక మాట అడిగాడు. ఆమె జవాబు విని అతని మొహం పాలిపోయింది. ఇక్కడే కూర్చోమని చెప్పి ఫిలిం తీసుకుని చీకటిగదిలోకి పోయాడు. ఆమె తెరచాటున రవిక సర్దుకుంటోంది. అప్పుడు డాక్టరు వచ్చి బల్ల దగ్గర ఏదో రాసి, చీకటిగది తలుపు తట్టాడు. తెర అంచులోంచి ఆయన మొహం కనబడింది.

"చంద్రయ్య ఒకటే తీరుగ అంటున్నడు. తప్పు చేసిన, నేను చేసిన, మీరు ఒక్క ఫోటో అన్న సూసి ఉంటే దొరికిపోతుంటి, పొద్దుగాల నిజామాబాద్ పెద్దాసుపత్రికి పోయి అంత సెప్త అన్నడు. డాక్టరు ఒద్దన్నడు. ఇద్దరు గుంజుకున్నరు. పడ్డ సప్పుడైంది." ఆమె ఆగింది. "డాక్టరొక్కడే బయటికొచ్చిండు. నేను ఎనక దర్వాజకెల్లి ఉరికిన. పదకొండుమంది ఆడోళ్ళ బతుకు నా మెడల ఉండె సారు. ఎవ్వరికి సెప్పలే. తమ్మున్ని పట్టుకున్నరని పొద్దుగాలనే తెల్సింది."

రామ్‌దాస్ గడియారం చూసుకున్నాడు. పది గంటల యాభై నిమిషాలు. జీపు ఆగాలంటే ఈ మాటలు కాగితం మీదికి రావాలి. హెడ్ కానిస్టేబుల్ ముత్తన్నను పిలిచి వాంగ్మూలం రాయమన్నాడు. ముత్తన్నది మోర్తాడ్, సాయవ్వ అత్తగారి ఊరే. ఆమెను ఎరిగినవాడే కనుక అడగాల్సిన పని లేకుండా గబగబా రాసుకుపోయాడు. రాస్తూ పైకి చదివాడు: సాయవ్వ, భర్త దేవన్న, వయసు ముప్పై ఎనిమిది, చెరుకు కూలి, సంతానం లేదు.

"గా మాట కొట్టెయ్యి," అంది సాయవ్వ.

ముత్తన్న తల ఎత్తాడు. ఏది అన్నాడు.

"సంతానం లేదని రాసినవ్ గద. ఎవర్ని అడిగి రాసినవ్?" ఆమె గొంతు పెరగలేదు. "చంద్రయ్య గూడ అందర్ని అడిగిండు. నన్నొక్కదాన్ని అడుగలే. పద్దెనిమిదేండ్ల సంది కానిది ఇప్పుడేమైతదని నేను గూడ అనుకోలే. మూడు నెలల సంది తలకు పోసుకోలే అని నిన్న నేను సెప్తే, గోడ పట్టుకోని నిలబడ్డడు."

బల్ల మీద పదకొండు ఫిలిములు అలాగే పరిచి ఉన్నాయి. ఆత్మారాం వాటివైపు చూడలేకపోయాడు. రేణుకమ్మ లేచి వచ్చి వదినె చెయ్యి పట్టుకుంది. పట్టుకుని ఏడ్చింది.

రామ్‌దాస్ ముత్తన్న చేతిలోంచి కలం తీసుకున్నాడు. తానే కూర్చుని ఆ రెండు మాటలూ కొట్టేశాడు. జీపును నిలిపెయ్యమని, భూమన్నను ఇక్కడికే తీసుకురమ్మని జవానుకు చెప్పాడు. తరువాత సాయవ్వకు కుర్చీ చూపించి, కొత్త వరుస మొదలుపెట్టాడు.

"కూసో అక్కా. ఎన్నో నెల?"

"మూడు నిండినయి," అంది సాయవ్వ. "పిల్ల మంచిగ ఉంటదా సారు?"

ఇన్‌స్పెక్టర్ ఆత్మారాం వైపు చూశాడు. ఆత్మారాంకు జవాబు తెలియదు. చంద్రయ్య పోయాక ఆ సంగతి చెప్పగలిగినవాడు బోధన్‌లో ఒక్కడే మిగిలాడు. అతను పక్కగదిలో, కాపలా మధ్య, తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు.